ప్రొఫెసర్‌ని జపనీస్‌లో సిఫారసు లేఖ అడగడం ఎలా?

ప్రశ్న: మెయిల్‌లో "సుయిసెన్‌జో ఓ కైతే కుదసాయ్" (సిఫారసు లేఖ రాయండి) అని రాస్తే సరిపోతుందా అండీ?

జవాబు 1: సరిపోదండీ. కుదసాయ్ మెత్తగా వినిపించినా ఆజ్ఞే, కాదనే వీలు ఇవ్వదు. "కైతే ఇతదకెనై దెషో క" (మీచేత రాయించుకునే వీలు నాకు దొరకదా అండీ) అని రాయండి. ముందు "ఒసొరెఇరిమసు గ" (శ్రమ ఇస్తున్నందుకు మన్నించాలి, కానీ) తగిలిస్తే ఇంకా బాగుంటుంది.

జవాబు 2: అసలు చిక్కు విభక్తి దగ్గర. కుదసారుకి (పైవారు మనకు చేసిపెట్టడం; కుదసాయ్ దీని రూపమే) కర్త గురువు, ఆయన పక్కన కర్తను చూపే "గ" వస్తుంది: "సెన్సేయి గ కైతే కుదసాత్త" (గురువుగారు రాసిపెట్టారు). ఇతదకుకి (పైవారి నుంచి వినయంగా పొందడం; ఇతదకెనై దీని రూపమే) కర్త మీరు, గురువు పక్కన "ని" వస్తుంది: "సెన్సేయి ని కైతే ఇతదయిత" (గురువుగారిచేత రాయించుకున్నాను). ఇక్కడ "ని" బదులు "గ" పెట్టారో, ఆయనే ఇంకెవరిచేతో రాయించుకున్నట్టు అవుతుంది!

జవాబు 3: లేఖ అందాక "కైతే ఇతదకి, అరిగాతో గొజాయిమషిత" (రాసిపెట్టినందుకు ధన్యవాదాలు) అనండి. పని అయిపోయింది కాబట్టి భూతకాలం. "గొకురోసమ" (శ్రమపడ్డావు) మాత్రం వద్దు, అది పైవాళ్లు కిందివాళ్లతో అనే మాట.