సైకిల్ యాత్రకు నిశ్శబ్దం దొరికేది లోయ దారిలోనా, కోస్ పీఠభూమి మీదా?

తూలూజ్ వాసి (ప్రశ్న):
ఫ్రాన్స్‌లోని తూలూజ్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న మేమిద్దరం మే నెలలో ఒక వారం సెలవు పెట్టి, కార్ల బెడద లేని దారుల్లో సైకిళ్ల మీద తిరిగి రావాలనుకుంటున్నాము. రైల్లో కావోర్ చేరి, లొట్ నది వెంట, ఆపైన దాని ఉపనది సెలే వెంట ఫిజాక్ దాకా వెళ్లి, అక్కడి నుంచి మియో, తార్న్ లోయ మీదుగా ఫ్లోరాక్ చేరాలన్నది ఆలోచన. నా భార్యకు కార్లు తిరిగే రోడ్డు మీద సైకిల్ తొక్కే అలవాటు లేదు కనుక, వ్వా వెర్త్ అనే పచ్చబాటల మీద తప్ప రానంటున్నది. మా ఆఫీసులోని ఫ్రెంచి మిత్రుడు మాత్రం, పచ్చబాటల కోసం వెతుక్కుంటూ పోతే కోస్ అనే సున్నపురాతి పీఠభూములను చూడకుండానే తిరిగి రావలసి వస్తుందనీ, అక్కడి చిన్న చిన్న డి రోడ్లు (డిపార్ట్‌మెంట్, అంటే జిల్లా స్థాయి రోడ్లు) వాటికన్నా ప్రశాంతంగా ఉంటాయనీ అంటున్నాడు. ఈ ఇద్దరిలో ఎవరి మాట వినమంటారు?

దారిబత్తెం:
మీ మిత్రుడి మాటే సరైనదని నా అభిప్రాయం. పచ్చబాట అంటే మోటారు వాహనాలకు ప్రవేశం లేని, సైకిళ్లకూ పాదచారులకూ గుర్రపు స్వారీ చేసేవారికీ మాత్రమే కేటాయించిన బాట అని ఫ్రాన్స్ రహదారి నియమావళి 2004లో నిర్వచించింది. ఆ హామీ విలువైనదే. అయితే అలాంటి బాటల్లో చాలా భాగం మూతపడిన రైలు మార్గాల మీద వేసినవి. రైలు నిటారుగా ఎక్కలేదు కాబట్టి అవి నదులను పట్టుకునే పోతాయి, పీఠభూమి మీదికి రావు.

పీఠభూమి మీద నిశ్శబ్దానికి ఏ చట్టమూ కారణం కాదు, అక్కడి రాయి కారణం. జురాసిక్ కాలపు సున్నపురాతి మీద పడిన వాన పగుళ్లలోకి దిగిపోయి, లోపల గుహలను తొలుచుకుంటూ పోయి, వందల మీటర్ల కింద లోయ అడుగున ఊటగా బయటపడుతుంది. నంద్యాల జిల్లాలోని బేలం గుహలు చూసినవారికి ఈ పని తీరు వేరుగా వివరించనక్కరలేదు. పైన వాగు పారదు కనుక పెద్ద ఊరు పుట్టలేదు, ఊరు లేదు కనుక పెద్ద రోడ్డూ పడలేదు. గిన్నెల్లా కుంగిన పల్లాల్లో పోగుపడిన మట్టిలో కాస్త పంట, మిగిలినదంతా గొర్రెల బీడు. ఈ పీఠభూముల్లో ఒకటైన కోస్ మెజాన్ చాలా భాగం వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది. అది ఉన్న లోజేర్ డిపార్ట్‌మెంట్ మొత్తానికి జనాభా సుమారు 76 వేలే, అంటే ఫ్రాన్స్ ప్రధాన భూభాగంలో అన్నిటికన్నా తక్కువ. మిషెలిన్ పటంలో తెల్లగీతలుగా కనిపించే దారులను పట్టుకోండి. నీమ్-లె-వ్యూ రాతిగుట్టల వైపు పోతుంటే మీ గొలుసు చప్పుడు తప్ప మరొకటి వినబడదు.

లోయపక్షం:
దారిబత్తెం గారు చెప్పిన భూగర్భశాస్త్రంతో నాకు పేచీ లేదు. అయితే వాగులు లేనందువల్ల కార్లు రాలేదంటే, అదే కారణంగా తాగడానికి నీళ్లు దొరకవనీ, దుకాణం ఉండదనీ, నీడనిచ్చే చెట్టు అరుదనీ కూడా వారు చెప్పి ఉండవలసింది. అక్కడి రైతులు తరతరాలుగా ఇంటి కప్పు మీది వాననీటిని తొట్లలో పట్టుకుని బతికారు. గొర్రెలు తాగడానికి రాళ్లు పరిచి లవోన్ అనే గుంటలు కట్టారు. అలాంటి చోటికి సామాను కట్టుకున్న సైకిళ్ల మీద వెళ్లమని, అదీ కొత్తగా తొక్కుతున్న మనిషిని వెంటబెట్టుకుని వెళ్లమని చెప్పడం నాకు సబబుగా తోచలేదు. ఫ్లోరాక్ నుంచి కోస్ మెజాన్ మీదికి వెళ్లే డి 16 రోడ్డు కొద్ది కిలోమీటర్లలోనే సుమారు 500 మీటర్లు ఎక్కుతుంది. పైకి చేరేసరికి ఎదురుగాలి మొదలయితే, ఆ నిశ్శబ్దాన్ని ఆస్వాదించే ఓపిక ఎవరికి మిగులుతుంది?

సెలే లోయలోని డి 41 ఇలాంటి వారి కోసమే ఉన్నదనిపిస్తుంది. కబ్రెరే దగ్గర పెష్ మెర్ల్ గుహలోని చుక్కల గుర్రాల బొమ్మలు, మార్సియాక్‌లోని పాత మఠం, ఎస్పాన్యాక్‌లోని చెక్క గంటస్తంభం అన్నీ ఒకే దారిలో తగులుతాయి. ఒక పక్క సున్నపురాతి గోడ, మరో పక్క నది, మధ్యలో ఊళ్లు ఉంటాయి. అది పచ్చబాట కాదు, కార్లు వస్తాయి. అయితే కావోర్ నుంచి బయటపడే పెద్ద రోడ్డుతో దానికి పోలిక లేదు.

పాతబండి:
మీరిద్దరూ పటాన్ని చూసి వాదిస్తున్నారు గాని, క్యాలెండర్‌ను చూడడం లేదు. తార్న్ లోయలోని డి 907 బిస్ జూలై, ఆగస్టు నెలల్లో పడవల సందర్శకులతో, వాళ్ల కార్లతో, క్యాంపింగ్ వ్యాన్లతో కిక్కిరిసి ఉంటుంది; అదే దారి అక్టోబరు మంగళవారం ఉదయం మనదే అనిపిస్తుంది. మే నెల అంటున్నారు కనుక మరింత జాగ్రత్త అవసరం. 1వ తేదీ, 8వ తేదీ సెలవులు, ఈస్టర్‌ను బట్టి వచ్చే అసెన్షన్ గురువారం, ఒక్కొక్క ఏడు పెంతెకోస్తు సోమవారం కూడా ఆ నెలలోనే పడతాయి. సెలవుకూ వారాంతానికీ మధ్య మిగిలిన రోజును కూడా కలుపుకుని ఫ్రాన్స్ సగం రోడ్డు మీదికి వస్తుంది. ఆ రోజుల్లో మోటారు సైకిళ్ల గుంపులు కోరుకునేది సరిగ్గా మనం కోరుకునే వంపుల దారులనే. శనివారం రాత్రి 10 నుంచి ఆదివారం రాత్రి 10 దాకా భారీ లారీలకు నిషేధం ఉన్న మాట నిజమే గాని, ఈ లోయల్లో బెడద లారీలది కాదు.

మరొక సంగతి. 2004 డిసెంబరులో మియో వంతెన తెరుచుకున్నాక, ఉత్తర దక్షిణాల మధ్య పోయే వాహనాలు ఎ 75 మోటార్‌వే మీదుగా ఊరికి చాలా ఎత్తున దాటిపోతున్నాయి. అంతకు ముందు ఎండాకాలంలో మియో ఊళ్లో గంటల తరబడి నిలిచిపోయిన వరుసలను చూసినవారికి ఇప్పటి పాత జాతీయ రహదారి ఎంత తేలికపడిందో అర్థమవుతుంది. ఫలానా చోటు ప్రశాంతం, ఫలానాది కాదు అని ఒకసారి రాసిపెట్టుకుంటే సరిపోదు.

తూలూజ్ వాసి:
లొట్ నది వెంట పాత రైలు పట్టాలు ఉన్నాయని విన్నాను. వాటి మీద పచ్చబాట ఉంటే మా గొడవ అక్కడే తీరిపోతుంది కదా?

లోయపక్షం:
కావోర్ నుంచి కప్దెనాక్ వరకు నదిని అనుసరించి పోయే ఆ మార్గం గురించి అక్కడివారే చాలాకాలంగా వాదించుకుంటున్నారు. పట్టాలు తీసి పచ్చబాట వేయాలని ఒక పక్షం, ఏనాటికైనా రైలు తిరిగి నడవాలి గనుక పట్టాలు కదపవద్దని మరో పక్షం. సైకిల్ మనిషినైనా నేను రెండో పక్షాన్ని తేలికగా కొట్టిపారేయలేను. మనం సైకిళ్లతో ఈ ప్రాంతానికి చేరగలుగుతున్నదే రైలు వల్ల. ఆ మార్గాన్ని నమ్ముకుని యాత్ర వేసుకోకండి. బుజియెస్ దగ్గర పడవలను ఒడ్డు నుంచి తాళ్లతో లాగేందుకు కొండను తొలిచి వేసిన పాత బాట ఉంది, ఎంతో అందమైనది, కాని ఇరుకు. నడిచేవారు ఎక్కువగా ఉంటారు కనుక అక్కడ సైకిల్ దిగి తోసుకుంటూ పోవడమే మర్యాద.

దారిబత్తెం:
నీళ్ల గురించి ఒక మాట చెప్పాలి. ఫ్రాన్స్‌లో దూరం పోయే సైకిల్ యాత్రికులందరికీ తెలిసిన ఉపాయం శ్మశానవాటిక కొళాయి. పూలమొక్కలకు నీళ్లు పోయడానికి దాదాపు ప్రతి ఊరి శ్మశానంలోనూ ఒకటి ఉంటుంది. త్రాగరాదని పలక పెట్టి ఉంటే మాత్రం ముట్టవద్దు. ఇద్దరూ చెరి రెండు సీసాలతో బయలుదేరితే కోస్ మీద ఒక పూట గడిచిపోతుంది, ఎండాకాలమైతే మూడు పెట్టుకోవాలి.

ఎక్కుడు విషయంలో లోయపక్షం గారి భయం కొంత న్యాయమే. కాని పీఠభూమికి చేరడానికి అన్ని దారులూ డి 16 లాంటివి కావు. మియో నుంచి దూర్బీ నది వెంట డి 991 మీద లా రోక్-సెంత్-మార్గెరిత్ మీదుగా నాన్ దాకా వెళ్లండి, తార్న్ లోయతో పోలిస్తే జనం చాలా తక్కువ. తెలియకుండానే కొంత ఎత్తు చేరిపోతారు. అక్కడి నుంచి సుమారు 300 మీటర్లు ఎక్కితే 800 మీటర్ల ఎత్తున లార్జాక్ పీఠభూమి, దాని మీద ప్రాకారంతో కూడిన లా కువెర్త్వారాద్ ఊరు. 1971లో ప్రభుత్వం అక్కడి సైనిక శిబిరాన్ని 3,000 హెక్టార్ల నుంచి 17,000 హెక్టార్లకు పెంచబోతే, గొర్రెల రైతులు పదేళ్లు పోరాడి 1981లో అధ్యక్షుడు మిత్తెరాన్ చేత రద్దు చేయించారు. లేకుంటే ఈ తెల్లగీతల దారుల్లో చాలావాటికి ఇవాళ ముళ్లకంచె ఉండేది. అందుకే కాబోలు, లార్జాక్ మీది నిశ్శబ్దం నాకు మెజాన్ నిశ్శబ్దం కన్నా ప్రియమైనది.

పాతబండి:
అది ఒప్పుకుంటాను. కార్లు తిరిగే రోడ్లకు జడిసే వారికి నా వైపు నుంచి రెండు సూచనలు. ఊరి బయట సైకిల్‌ను దాటే కారు కనీసం ఒకటిన్నర మీటరు ఎడం పాటించాలన్నది చట్టం. ఖాళీ దారుల్లో చాలామంది అంతకన్నా ఎక్కువే వదులుతారు. తార్న్ లోయ దారిలో చిన్న చిన్న సొరంగాలు ఉన్నాయి, పట్టపగలైనా వెనుక దీపం వెలిగించే ఉంచండి.

ఇక ఫిజాక్ నుంచి మియోకు సైకిళ్ల మీదనే పోవాలన్న ఆలోచన మానుకోండి. రోడెజ్ చుట్టుపక్కల రద్దీ మీ భార్య గారికి రోడ్డంటేనే విరక్తి కలిగిస్తుంది. ఈసారికి కావోర్, సెలే, ఫిజాక్ వరకే పెట్టుకుని, ఫిజాక్ నుంచి తూలూజ్‌కు రైలెక్కండి. మిగిలిన రోజుల్లో దక్షిణాన లిమోన్య చుట్టూ ఉన్న కోస్ మీద తిరగవచ్చు. అదీ సున్నపురాయే, కాని ఎత్తు సుమారు 300 మీటర్లు మాత్రమే.

లోయపక్షం:
ఫ్లోరాక్‌లో యాత్ర ముగించాలనుకోవడం కూడా సరికాదు. అక్కడి రైలు 1968లోనే ఆగిపోయింది, తిరిగి రావాలంటే మాంద్ దాకా కొండలు దాటాలి. లార్జాక్ చుట్టు ఎంచుకుంటే మియోలోనే రైలు ఉంది, కాని రోజుకు నడిచేవి చాలా కొద్ది. సైకిల్‌కు చోటు ఉందో లేదో ముందే చూసుకోండి.

తూలూజ్ వాసి:
ఇంట్లో పటం పరిచి చూశాము. 8వ తేదీ తరువాతి వారంలో సెలే, లిమోన్య వరకే వెళ్తున్నాము. డి 41 మీద మొదటి పూట గడిచాక ఆమె సరేనంటేనే కోస్ ఎక్కుతాము. లిమోన్య వైపు ఎక్కడానికి లొట్ నది దగ్గర వాలు తక్కువగా ఉండే దారి ఎవరికైనా తెలిస్తే చెప్పగలరు.