రీసెర్చ్‌కు వచ్చేవాళ్లు గ్రామసభ అనుమతి తీసుకోవాలా, అక్కర్లేదా?

అంకీస రైతుబిడ్డ:
మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో మా చుట్టుపక్కల ఈ మధ్య ఇదే చర్చ. మానవ హక్కుల మీద రీసెర్చ్ అంటూ యూనివర్సిటీ పిల్లలు, ప్రొఫెసర్లు, ఎన్జీఓల వాళ్లు వస్తూనే ఉన్నారు. వచ్చే గ్రామసభలో ఒక తీర్మానం పెడదామని కొందరం అనుకుంటున్నాం. ఎవరొచ్చినా ముందు గ్రామసభ అనుమతి తీసుకోవాలి, ఆ తర్వాతే ప్రశ్నలు. అనుమతి లేకపోతే మంచినీళ్లిచ్చి మర్యాదగా పంపించేయడమే. మీరేమంటారు?

ఇంత కోపం ఎందుకంటే, 2019లో గోదావరి మీద తెలంగాణ వాళ్ల మేడిగడ్డ బ్యారేజీ మొదలయ్యాక మా ఒడ్డున పొలాల్లోకి బ్యాక్‌వాటర్ వచ్చేది. 2022 జూలై వరద సంగతి సరేసరి. పోయినేడు ఒక టీం వచ్చి మా నాన్నను చాలాసేపు కూర్చోబెట్టింది. ట్యాబ్‌లో ఫారం. నష్టానికి కారణం అన్నచోట మూడే గళ్లు: వర్షాలు, నది వరద, ఇతరం. "బ్యారేజీ నీళ్లమ్మా" అని నాన్న రెండుసార్లు చెప్పాడు. ఆ అమ్మాయి "నది వరద" నొక్కి తర్వాతి ప్రశ్నకు పోయింది. నది వరదంటే పాపం దేవుడిది. బ్యారేజీ నీళ్లంటే ఎవరో ఒకరు పరిహారం కట్టాలి. మా గోడు మొత్తం ఆ ఒక్క గడిలోనే ఉంది. ఆ రిపోర్టు వచ్చిందో లేదో, వస్తే ఏ ఆఫీసుకు పోయిందో ఇప్పటికీ తెలియదు.

బల్లార్షా కాకా:
నూటికి నూరుపాళ్లు నీ మాటే కరెక్టు తమ్మీ. అడిగి రావాలి, అంతే. మన ఇంట్లోకి మనల్ని అడగకుండా ఎవడైనా వస్తాడా?

అహేరి లా స్టూడెంట్:
అన్నా, అనుమతి అనే మాట వినడానికి బాగుంటుంది. కానీ మన జిల్లా కథే ఒకటి చూడండి. 1972లో దేసాయిగంజ్ పోలీస్ స్టేషన్‌లో ఒక ఆదివాసీ పిల్లపై అత్యాచారం కేసు. అప్పటికి గడ్చిరోలి ఇంకా చంద్రపూర్ జిల్లాలోనే ఉంది. నిందితులు ఇద్దరూ పోలీసులే. సెషన్స్ కోర్టు వదిలేసింది, నాగ్‌పూర్ హైకోర్టు బెంచ్ శిక్ష వేసింది, 1978లో సుప్రీంకోర్టు మళ్లీ వదిలేసింది. ఒంటి మీద గాయాలు లేవన్నది వాళ్లు చూపిన కారణాల్లో ఒకటి. మరుసటేడు సెప్టెంబర్‌లో ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు లా టీచర్లు ఆ తీర్పు చదివి ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. దేశమంతా ఆడవాళ్లు రోడ్డెక్కారు. 1983లో చట్టం మారింది. పోలీసు కస్టడీలో జరిగితే, "నేను ఒప్పుకోలేదు" అని ఆమె చెప్పిన మాటను కోర్టు నిజంగానే తీసుకుని మొదలుపెట్టాలి అన్నది అప్పుడొచ్చిందే. ఆ లేఖకు ఎవరి అనుమతి తీసుకోవాల్సింది?

ఇంకోటి. 1982 ఏషియన్ గేమ్స్ కట్టడాల దగ్గర కూలీలు ఎలా బతుకుతున్నారో చూసి రమ్మని పీపుల్స్ యూనియన్ ఫర్ డెమోక్రటిక్ రైట్స్ ముగ్గురు సామాజిక శాస్త్రవేత్తలను పంపింది. వాళ్లు చూసినదాన్ని పట్టుకుని జస్టిస్ భగవతికి ఉత్తరం రాస్తే సుప్రీంకోర్టు దాన్నే పిటిషన్‌గా తీసుకుంది. కనీస వేతనం కంటే తక్కువ ఇచ్చి పని చేయించుకుంటే అది రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టి కిందికే వస్తుందని తీర్పు. వాళ్లు అక్కడ పర్మిషన్ అడగాలంటే ఎవరిని అడగాలి? కాంట్రాక్టర్‌నా?

అంకీస రైతుబిడ్డ:
చెల్లె, నువ్వు బాగా చదువుకున్నావు, కాదనను. చట్టం మారింది, మంచిదే. మరి ఆ పిల్లకేం వచ్చింది? వదిలేసినవాళ్లు వదిలేసినట్టే ఉన్నారుగా. ఆమె కేసు లా కాలేజీల్లో పాఠమైంది, ప్రొఫెసర్లకు పేరొచ్చింది. ఆమె మాత్రం ఎక్కడో పల్లెలోనే ఉండిపోయింది. నా బాధ అదే.

అహేరి లా స్టూడెంట్:
ఆమెకు ఏమీ రాలేదు. నిజమే. కానీ ఆ తర్వాత స్టేషన్ మెట్లెక్కిన ఆడవాళ్లకు వచ్చింది. దాన్ని లెక్కలో వేయరా?

పేరెందుకులే:
రిపోర్టులు రాస్తే సర్కారు మారుతుందా? అంతా ఫారిన్ డబ్బుల ఆట. టైం వేస్ట్.

ఆశా అక్క:
పేరెందుకులే గారూ, మీరు ఏ ఊరివారో తెలియదు గానీ, మీ ఇంట్లో పసిబిడ్డ ఉంటే మా ఆశా వర్కర్ వచ్చి తూకం వేసి, టెంపరేచర్ చూసి పోయే ఉంటుంది. ఆ పని గడ్చిరోలిలో పుట్టింది. డాక్టర్ అభయ్ బంగ్, రాణీ బంగ్‌ల సర్చ్ సంస్థ ఇక్కడి 39 ఊళ్లలో పల్లె ఆడవాళ్లకే ట్రైనింగ్ ఇచ్చి ఇంటిదగ్గరే పసికందులను చూసుకునే పద్ధతి పెట్టింది. మూడో ఏటికి నెలలోపు పిల్లల చావులు 62 శాతం తగ్గాయి. 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. 2011లో దేశమంతా ఆశాల పనిలో చేర్చారు. రిపోర్టుతో ఏమీ మారదని నాతో అనకండి, నా జీతమే దాంట్లోంచి వస్తోంది. అదెంతో అడగకండి, అది వేరే బాధ.

ఇక అసలు సంగతి. తమ్మీ, నీ కోపం నాకు తెలుసు. కానీ గ్రామసభ అనుమతి అంటున్నావు, మన గ్రామసభలో గొంతెవరిది? మా వైపు ఆడవాళ్లు మిరప ఏరడానికి గోదావరి దాటి తెలంగాణకు పోతారు. వాళ్లను ట్రాక్టర్ ఎక్కించేది ముకద్దం, అంటే కూలీల మేస్త్రీ. అడ్వాన్స్ ఇచ్చేదీ అతనే, తూకంలో కోసేదీ అతనే. సభలో ముందు కుర్చీలో కూర్చునేదీ అతనే. రేపు ఎవరో చదువుకున్న పిల్ల వచ్చి "కూలి ఎంతిస్తున్నారు, పట్టుకున్న డబ్బెంత" అని అడగాలంటే అతను చెయ్యెత్తితేనే అడగాలా?

అంకీస రైతుబిడ్డ:
అక్కా, మరి అడగకుండా వచ్చి ఏం పీకారు? మీ ఊళ్లో జరిగింది కూడా చెప్పు.

ఆశా అక్క:
చెప్తా. అనుమతి వద్దన్నాను గానీ, రీసెర్చ్‌కు వచ్చేవాళ్లంతా మంచివాళ్లని అనలేదు.

ఒక సంస్థ మా ఊరి కూలీ ఆడవాళ్ల మీద రిపోర్టు వేసింది. పేరు మార్చారు, సంతోషం. కానీ రాసిందిలా: ఫలానా ఊరు, 34 ఏళ్లు, భర్త లేడు, ముగ్గురు ఆడపిల్లలు, చిన్నదానికి కాలు బాగోదు. మా ఊళ్లో అలాంటి మనిషి ఒక్కతే. ఆ పేజీ ఎవరి ఫోన్‌లోంచో ముకద్దం ఫోన్‌లోకి వచ్చింది. ఆ సీజన్‌కు ఆమెకు అడ్వాన్స్ లేదు, ట్రాక్టర్‌లో చోటు లేదు. రాసినవాళ్లకు ఫోన్ చేస్తే ప్రాజెక్ట్ అయిపోయిందన్నారు. ఆమె వేలిముద్ర వేసిన కాగితం నేను చూశాను, మొత్తం ఇంగ్లీషే. ఆ కాగితం ఆమెను కాపాడటానికా, వాళ్లను వాళ్లు కాపాడుకోవడానికా?

కాబట్టి వచ్చేటప్పుడు ఆపడం కాదు నాకు కావలసింది. పోయాక తిరిగి రావాలి. రాసింది అచ్చుకు పంపే ముందు మనకు చదివి వినిపించాలి.

రాయగడ వాసి:
ఒడిశా వైపు నుంచి ఒక మాట, ఏమనుకోకండి అన్నగారూ. మా నియమగిరి కొండల్లో రిపోర్టూ, గ్రామసభా రెండూ జరిగాయి. బాక్సైట్ గని గురించి చూడమని కేంద్రం ఎన్.సి. సక్సేనా కమిటీని వేసింది. అందులో టాటా సోషల్ సైన్సెస్ సంస్థ పరశురామన్, అమితా బవిస్కర్ లాంటి ప్రొఫెసర్లున్నారు. 2010 ఆగస్టులో వాళ్ల రిపోర్టు వచ్చింది, అదే నెలలో పర్యావరణ శాఖ అటవీ అనుమతి ఇవ్వలేదు. కేసు సుప్రీంకోర్టుకు పోయింది. 2013 ఏప్రిల్‌లో కోర్టు ఏమంది? ఊళ్లే తేల్చుకోవాలంది. రాయగడ, కలహండి జిల్లాల్లో 12 పల్లెల్లో జిల్లా జడ్జి సమక్షంలో సభలు పెట్టారు. పన్నెండూ వద్దన్నాయి.

కాబట్టి సభను తక్కువ చేసి మాట్లాడొద్దు అక్కా. మా కొండమీద చివరి మాట సభదే అయింది.

అహేరి లా స్టూడెంట్:
కరెక్టే, కానీ అక్కడ ఊరంతా ఒకవైపు, కంపెనీ ఒకవైపు. మిరప కూలీ విషయంలో ఊరే రెండు ముక్కలు. కొండ ఎవరిది అని సభను అడగొచ్చు. ఒక ఆడమనిషి నోరు విప్పాలా వద్దా అని సభను ఎలా అడుగుతారు?

రాయగడ వాసి:
ఊఁ. ఇది ఆలోచించాల్సిందే. అయినా ఆ కమిటీ రిపోర్టు లేకపోతే సభల దాకా వచ్చేది కాదేమో, అది మాత్రం ఒప్పుకుంటా.

చంద్రపూర్ టు హైదరాబాద్:
నేను మీరు తిడుతున్న జాతివాణ్నే, పీహెచ్‌డీ చేస్తున్నా. మాది రాజురా దగ్గర. మా వైపు ఇబ్బంది కూడా వినండి. ఫీల్డ్‌వర్క్‌కు డబ్బులిస్తారు, తిరిగి వెళ్లి చెప్పడానికి ఇవ్వరు. తెలుగులోకో గోండిలోకో అనువాదం చేయించాలంటే బడ్జెట్‌లో ఆ లైనే ఉండదు. పేపర్ జర్నల్లో వస్తే నాకు పాయింట్లు, మీ ఊళ్లో చదివితే సున్నా.

ఆరోగ్యం మీద చేసే రీసెర్చ్‌కు ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు, ఎథిక్స్ కమిటీలు ఉన్నాయి. కూలి, నేల, పోలీసుల మీద చేసే స్టడీలకు అంత గట్టి పట్టు లేదు, యూనివర్సిటీని బట్టి ఉంటుంది. దక్షిణాఫ్రికాలో శాన్ అనే ఆదివాసీలు 2017లో తమ దగ్గరికి వచ్చే పరిశోధకుల కోసం తామే ఒక నియమావళి రాసుకున్నారు. గౌరవం, నిజాయితీ, న్యాయం, శ్రద్ధ అనేవి దాంట్లో ముఖ్యం. అంత దూరం ఎందుకు, మన ధనోరా వైపు మెండా లేఖా ఊరే ఉంది. అక్కడివాళ్లు అభ్యాస్ గట్ అని ఒక అధ్యయన బృందం పెట్టుకుని, బయటివాళ్లను కూర్చోబెట్టుకుని తామే చదువుకున్నారు. 2009లో సామూహిక అటవీ హక్కు, 2011లో వెదురు రవాణా పాస్ పుస్తకం చేతికొచ్చాయి. రీసెర్చ్ చేసేవాణ్ని ఆపలేదు వాళ్లు, పనిలో పెట్టుకున్నారు.

బల్లార్షా కాకా:
మెండా లేఖాలో అందరూ ఒప్పుకుంటేనే నిర్ణయం. మన ఊళ్లో బోరు ఎక్కడ వేయాలో ఒప్పుకోరు. పెద్ద పెద్ద ఉదాహరణలు చెప్పకండి బాబూ. సర్చ్ స్టడీలో కూడా 39 ఊళ్లకు మందు ఇచ్చి, పోల్చి చూడటానికి ఇంకో 47 ఊళ్లు పెట్టుకున్నారు. ఆ 47 ఊళ్లను అడిగారా?

ఆశా అక్క:
కాకా, ఆ ప్రశ్న మా ట్రైనింగ్‌లో నేను కూడా అడిగాను. ఆ ఊళ్లకు అప్పుడున్న సర్కారు సేవలు అలాగే నడిచాయి, ఎవరి చేతిలోంచీ ఏదీ లాక్కోలేదు. ఆ పోలిక లేకపోతే ఢిల్లీ నమ్మేది కాదన్నారు. అయినా ఆ తల్లుల వైపు నుంచి చూస్తే నాకు ఇప్పటికీ మనసు ఒప్పదు. అది వదిలేద్దాం.

అంకీస రైతుబిడ్డ:
సరే, అందరి మాటా విన్నాక తీర్మానం మార్చి రాశాను. చూడండి.

రీసెర్చ్‌కు వచ్చేవాళ్లు ముందుగా పంచాయతీకి కబురు చెప్పాలి, అనుమతి అక్కర్లేదు. ఫారం తెలుగులో గానీ గోండిలో గానీ చదివి వినిపించాలి. మనిషి చెప్పిన కారణం గడిలో లేకపోతే చెప్పింది చెప్పినట్టు మాటల్లో రాయాలి. అచ్చుకు పోయేముందు తిరిగి వచ్చి చదివి వినిపించాలి. తహసీల్దార్‌కో కలెక్టర్‌కో ఇచ్చే కాపీ మనకూ ఒకటి ఇవ్వాలి. ఎవరెవరితో మాట్లాడారో ఆ పేర్ల లిస్టు పంచాయతీలో ఇచ్చి పోవాలి.

అహేరి లా స్టూడెంట్:
చివరిది తీసేయండి అన్నా. ఆ లిస్టు ముకద్దం చేతికి పోవడానికి ఒక్క పూట చాలు.

అంకీస రైతుబిడ్డ:
లిస్టు లేకపోతే వాళ్లు ఎవరితో మాట్లాడారో, అసలు మాట్లాడారో లేదో మనకెలా తెలుస్తుంది?

ఆశా అక్క:
ఎంతమందితో మాట్లాడారో అంకె ఇస్తే చాలు. పేర్లొద్దు. చదివి వినిపించేది కూడా సభలో కాదు తమ్మీ. కూలీ ఆడవాళ్ల సంగతి ఆడవాళ్ల దగ్గర, మా అంగన్వాడీలో పెట్టుకుంటాం. బ్యారేజీ సంగతి సభలో పెట్టు, మైకు కూడా పెట్టు.

చంద్రపూర్ టు హైదరాబాద్:
ఇది మరాఠీలో కూడా రాసి పంపండి. మా డిపార్ట్‌మెంట్‌లో ఫీల్డ్‌కు వెళ్లేవాళ్ల చేతిలో పెడతా. తిరిగొచ్చే ఖర్చు ప్రపోజల్‌లోనే అడగాలని గైడ్‌తో గొడవ పడతా, ఇస్తారని మాత్రం మాటివ్వలేను.

అంకీస రైతుబిడ్డ:
సరే, లిస్టు తీసేస్తున్నా. అంకె ఉంచుతున్నా. కాకా, మీరు సపోర్ట్ చేస్తారుగా?

బల్లార్షా కాకా:
అనుమతి తీసేశాక ఇంకేముంది తమ్మీ? నేను చెయ్యెత్తను. మీ అక్క చెప్పినదానికి నా దగ్గర జవాబు లేదు గానీ, చెయ్యి మాత్రం ఎత్తను.