కొత్త ఎస్‌యూవీకి కంపెనీ ఆఫ్‌రోడ్ ప్యాకేజీ: ఒక్క డిఫ్ లాక్ కోసం అంతా కొనాలా?

మట్టిబాట:

అందరికీ నమస్కారం. వచ్చే శనివారంలోగా బుకింగ్ డబ్బు కట్టాలి. ఏ బండో ఖాయమైంది, రంగు విషయంలో కూడా ఇంట్లో అందరూ ఒక మాట మీదకి వచ్చారు. తేలనిది ఆఫ్‌రోడ్ ప్యాకేజీ ఒక్కటే. దాని ధర బండి ధరలో ఎనిమిదో వంతు. అయిదేళ్ల లోనులో కలిపేస్తే ఏడెనిమిది నెలల ఈఎంఐ అంత భారం. నాకు అది చిన్న మొత్తం కాదు, అందుకే ఇంత వివరంగా అడుగుతున్నాను.

ప్యాకేజీ తీసుకుంటే వెనక యాక్సిల్‌కి డిఫ్ లాక్ (లాకర్ అని కూడా అంటారు, యాక్సిల్‌కి రెండు వైపులా ఉన్న చక్రాలని ఒకే వేగంతో తిరిగేలా బిగించేది) వస్తుంది. 30 అంగుళాల టైర్ల బదులు 32 అంగుళాల ఆల్ టెరైన్ టైర్లు, కాస్త పొడవైన స్ప్రింగులు, వాటికి తగ్గ డాంపర్లు, ఇంజన్ కింద ఒకటి, ట్రాన్స్‌ఫర్ కేస్ (పవర్‌ని ముందు, వెనక యాక్సిళ్లకి పంచే గేర్ పెట్టె) కింద ఒకటి స్కిడ్ ప్లేట్లు (రాళ్ల దెబ్బ తగలకుండా కాపాడే రేకులు), ముందు రెండు రికవరీ హుక్కులు ఇస్తారు. ఇవి కాక బానెట్ మీద నల్ల స్టిక్కరు, సీట్లకి ఎర్ర కుట్టు, డోర్ల మీద బ్యాడ్జీలు. ప్యాకేజీ లేని బండిలో కూడా ఫోర్ బై ఫోర్, లో రేంజ్ (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే అదనపు గేరు), బ్రేకులతో పనిచేసే ట్రాక్షన్ కంట్రోల్ ఉన్నాయి.

నా వాడకం చెబుతాను. వారమంతా ఆఫీసుకి, తారు రోడ్డు. నెలకి రెండుసార్లు పొలానికి. అక్కడ చివరి ఆరు కిలోమీటర్లు బంకమట్టి బాట, మధ్యలో ఒక వాగు. వాగు దిగే చోట బాట ఏటవాలుగా కోసుకుపోయి ఉంటుంది, బండి అక్కడ ఒక పక్కకి ఒరిగి దిగాలి. పోయిన వానాకాలం పాత కారుతో అక్కడే ఇరుక్కున్నాను. ఒక చక్రం గాలిలో తిరుగుతోంది, రెండోది కదలడం లేదు. వెనక సీట్లో మా అమ్మ. చీకటి పడ్డాక ట్రాక్టరు దొరికింది. ఆ రెండు గంటలూ ఆమె ఒక్క మాట అనలేదు కానీ, చెయ్యి మాత్రం వదల్లేదు. డిఫ్ లాక్ మీద నా మనసు పడటానికి కారణం అదే. అది విడిగా ఇవ్వరట. ఏం చేయమంటారు?

లోరేంజ్:

అన్నా, ముందుగా ఒక్క విషయం. మీరు ఇరుక్కున్నది ముందు చక్రాలకి మాత్రమే పవర్ ఉన్న కారుతో, రోడ్డు టైర్లతో, రోడ్డు మీద ఉండాల్సిన గాలితో. ఆ అనుభవాన్ని బట్టి కొత్త బండికి ఏం కావాలో తేల్చుకోవద్దు. ఫోర్ బై ఫోర్, లో రేంజ్ ఉన్న బండి అక్కడ పూర్తిగా వేరేగా నడుస్తుంది.

నా లెక్కలో ఈ బాటల్లో ముప్పావు వంతు పని టైర్లు, వాటిలో గాలే చేస్తాయి. తారు మీద 35 పీఎస్‌ఐ ఉన్న టైరుని మట్టిలోకి దిగే ముందు 20కి దించి చూడండి. టైరు అడుగు పొడవుగా పరుచుకుంటుంది, బరువు ఎక్కువ చోటు మీద పడుతుంది, పట్టు అక్కడే దొరుకుతుంది. దీనికి కావాల్సింది గాలి తీసే చిన్న పరికరం, మళ్లీ నింపడానికి డిక్కీలో పట్టే కంప్రెసర్. తిరిగి తారు ఎక్కాక మాత్రం గాలి నింపకుండా వేగంగా వెళ్లకండి, టైరు వేడెక్కి పాడవుతుంది.

ట్రాక్షన్ కంట్రోల్ గురించి కూడా చెప్పాలి. ఖాళీగా తిరుగుతున్న చక్రాన్ని అది బ్రేకుతో పట్టుకుంటుంది, అప్పుడు పవర్ రెండో చక్రానికి వెళ్తుంది. చాలామంది చక్రం తిరగగానే భయపడి కాలు తీసేస్తారు. కాలు తీస్తే అది పని చేయదు. యాక్సిలరేటర్ నిలకడగా నొక్కి ఒకటి రెండు సెకన్లు ఓపిక పట్టాలి. ఇది తెలియక లాకర్ కొన్నవాళ్లని చూశాను. ప్యాకేజీ లేకుండా తీసుకోండి, ఏడాది నడపండి, అప్పుడు ఏం తక్కువైందో మీకే తెలుస్తుంది.

గేర్‌మేస్త్రీ:

లోరేంజ్ తమ్ముడు గాలి గురించి చెప్పింది అక్షరాలా నిజం. చివరి మాట దగ్గరే నాకు అభ్యంతరం. ఏడాది తర్వాత టైర్లు తక్కువయ్యాయని తెలిస్తే ఒక పూటలో మార్చుకోవచ్చు. స్కిడ్ ప్లేటు కూడా అంతే, బోల్టులు విప్పి బిగించడమే. అదే లాకర్ తక్కువైందని తెలిస్తే? ఇరవై ఏళ్లుగా యాక్సిళ్లు విప్పుతున్నవాణ్ణి, ఆ పని ఎంత ఉంటుందో చెబుతాను.

డిఫరెన్షియల్ మొత్తం బయటికి తీయాలి. కొత్త లాకర్‌లో క్రౌన్ వీల్ (యాక్సిల్‌లోని పెద్ద గేరు) బిగించి, పినియన్‌తో (దాన్ని తిప్పే చిన్న గేరుతో) దాని సందుని డయల్ గేజ్ పెట్టి కొలవాలి. ఆ సందు మిల్లీమీటరులో పదో వంతు, అయిదో వంతు లెక్కల్లో ఉంటుంది. ఎక్కువైతే టకటకమంటుంది, తక్కువైతే వేడెక్కి పళ్లు తినేస్తుంది. ఎలక్ట్రానిక్ లాకరైతే వైరింగు, స్విచ్చు. గాలితో పనిచేసేదైతే కంప్రెసర్, గొట్టం. అన్నీ బాగా చేసినా బండి కంప్యూటర్‌కి ఆ లాకర్ ఉన్నట్టు తెలియదు. కంపెనీ లాకరైతే, అది వేయగానే ఏబీఎస్, ట్రాక్షన్ కంట్రోల్ దానికి తగ్గట్టు సర్దుకునేలా తయారు చేసి ఇస్తారు.

మా దగ్గరికి వచ్చిన ఒకాయన కొత్త బండికి బయట లాకర్ వేయించుకున్నాడు. ఎనిమిది నెలలకి పినియన్ సీలు దగ్గర ఆయిల్ కారింది. ఆ సీలుకీ లాకర్‌కీ సంబంధం ఉందో లేదో ఎవరూ చూడలేదు. యాక్సిల్ విప్పారు కాబట్టి వారంటీ లేదని సర్వీస్ సెంటర్ వాళ్లు కాగితం రాసిచ్చారు. ఆయన దాని కోసం మూడు నెలలు తిరిగాడు.

పెద్ద టైర్ల సంగతి కూడా వినండి. 30 నుంచి 32కి వెళ్తే నేలకి, యాక్సిల్‌కి మధ్య ఎత్తు ఒక్క అంగుళం పెరుగుతుంది, రెండు కాదు. చక్రం పెద్దదయ్యాక స్పీడోమీటరుని దానికి తగ్గట్టు సరిచేయకపోతే, అది 100 చూపిస్తే మీరు నిజానికి 107 దగ్గర వెళ్తుంటారు. గేరింగ్ కూడా పలచబడుతుంది. యాక్సిల్ నిష్పత్తి (చక్రం ఒక చుట్టు తిరగడానికి పినియన్ ఎన్ని చుట్లు తిరగాలో చెప్పేది, ఫైనల్ డ్రైవ్ అన్నా ఇదే) 4.1 అయితే అది 3.84లా నడుస్తుంది, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ బరువుగా లాగుతుంది. ఉదాహరణకి ఫోర్డ్ బ్రాంకో ఎస్‌యూవీకి ఇచ్చే సాస్క్వాచ్ ప్యాకేజీ చూడండి. 35 అంగుళాల టైర్లతో ఊరుకోకుండా 4.7 ఫైనల్ డ్రైవ్, ముందూ వెనకా లాకర్లు కలిపి ఇచ్చారు. జీప్ ర్యాంగ్లర్ రూబికాన్‌లోనైతే లో రేంజే 4 రెట్లు, మామూలు ర్యాంగ్లర్లలో అది 2.72. ఇలాంటివి తర్వాత బయట చేయించాలంటే ముందు యాక్సిల్, వెనక యాక్సిల్ రెండింటి గేర్లూ మార్చాలి, ఎందుకంటే ఫోర్ బై ఫోర్‌లో రెండూ ఒకే నిష్పత్తిలో తిరగాలి. మీ ప్యాకేజీలో టైర్లు పెంచి గేర్లు మార్చారా లేదా అన్నది తప్పకుండా అడగండి. మార్చకపోతే ఆ టైర్లకి అంత డబ్బు ఇవ్వడం నాకైతే నచ్చదు.

నా మాట: బండి లోపల దాగి ఉండేదానికి కంపెనీకి డబ్బివ్వండి, బయట కనిపించేది తర్వాత మీరే కొనుక్కోవచ్చు.

చిన్నడైరీ:

నేను రెండేళ్లుగా ఇలాంటి ప్యాకేజీ ఉన్న బండే నడుపుతున్నాను. రోజూ దానితో బతకడం ఎలా ఉంటుందో చెబుతాను, ఎవరూ దాని ఊసెత్తలేదు.

పెట్రోలు కొట్టించినప్పుడల్లా డైరీలో రాసే అలవాటు నాకు. అదే డైరీలో లాకర్ ఎప్పుడు వేశానో కూడా రాశాను. రెండేళ్లలో పదకొండుసార్లు. అందులో తొమ్మిదిసార్లు అది లేకపోయినా ఇంకో దారిలో బయటపడేదాన్ని అనుకుంటున్నాను. మిగతా రెండుసార్లూ పిల్లలు బండిలో ఉన్నారు, చుట్టుపక్కల ఎవరూ లేరు. ఆ రెండింటికీ ఎంత ఇవ్వొచ్చో నేను లెక్క కట్టలేను.

ఆల్ టెరైన్ టైర్ల చప్పుడు మొదటి నెల బాగానే ఉంది. అరిగే కొద్దీ పెరిగింది, ఇప్పుడు 80 దాటితే పాటల శబ్దం పెంచాలి. తడి తారు మీద బ్రేకు కొడితే పాత రోడ్డు టైర్ల కన్నా కాస్త ముందుకి పోయి ఆగుతోంది. మైలేజీ కూడా తగ్గింది. ఇంకొకటి, మట్టిబాట గారూ, మీ అమ్మగారు ఈ బండి ఎక్కగలరా? లిఫ్టు స్ప్రింగులు, పెద్ద టైర్లు కలిస్తే అడుగుపెట్టే చోటు చాలా పైకి వెళ్లింది. మా అత్తగారికి నేను చిన్న పీట మోసుకెళ్తున్నాను. షోరూముకి ఆమెని తీసుకెళ్లి, ప్యాకేజీ ఉన్న బండి ఎక్కించి, దించి చూడండి. స్పేర్ టైరు సైజు కూడా చూడండి. నాలుగూ పెద్దవి ఇచ్చి అయిదోది చిన్నది ఇచ్చే ప్యాకేజీలు ఉన్నాయి, మీ వాగు దగ్గర అది పనికిరాదు.

మట్టిబాట:

ముగ్గురికీ మనస్ఫూర్తిగా ధన్యవాదాలు. నిన్న అమ్మని తీసుకుని షోరూముకి వెళ్లాను. ప్యాకేజీ బండి ఎక్కడానికి ఆమెకి నా భుజం, డోరు హ్యాండిల్ రెండూ కావాల్సి వచ్చాయి. దిగేటప్పుడు భయపడింది. మామూలు బండి ఒక్కతే ఎక్కింది. చిన్నడైరీ గారూ, మీరు చెప్పకపోతే ఇది నాకు తట్టేదే కాదు.

మేస్త్రీ గారు అడగమన్నది అడిగాను. గేర్లు మార్చలేదట. టైర్లు, స్ప్రింగులు మాత్రమే. సేల్స్ అతను ఆ జవాబు కోసం రెండుసార్లు లోపలికి వెళ్లొచ్చాడు. అలా మాట్లాడుతుంటేనే ఇంకో సంగతి బయటపడింది. మధ్య వేరియంట్ ఒకటి ఉంది, దానికి వెనక డిఫ్ లాక్, స్కిడ్ ప్లేట్లు కంపెనీ నుంచే వస్తాయి, టైర్లు, ఎత్తు మామూలువే. ప్యాకేజీకి పెట్టేదాంట్లో మూడో వంతుకి వస్తోంది. బ్రోచర్‌లో ఆరో పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది. అదే బుక్ చేశాను. కాకపోతే డెలివరీకి నాలుగు నెలలు పడుతుంది, అంటే ఈ వానాకాలం పాత కారే. వానలు తగ్గేదాకా అమ్మని పొలానికి తీసుకెళ్లను.

మిగిలిన డబ్బులో గాలి పరికరం, కంప్రెసర్, రికవరీ తాడు కొంటాను. లోరేంజ్ తమ్ముడూ, ఖాళీ చోట ట్రాక్షన్ కంట్రోల్ మీద సాధన చేయడం ఎలాగో వీలైతే ఇంకో పోస్టు రాయి. మేస్త్రీ గారూ, వాగు దాటాలి కాబట్టి అడుగుతున్నాను: డెలివరీ రోజు కింద ఏం చూసుకోవాలి?

గేర్‌మేస్త్రీ:

మంచి పని చేశారు. యాక్సిల్ పైన ఒక సన్నటి బ్రీదర్ గొట్టం ఉంటుంది, అది ఎక్కడి దాకా వెళ్లిందో టార్చి వేసి చూడండి. యాక్సిల్ దగ్గరే ఆగిపోతే జాగ్రత్త. వేడిగా ఉన్న యాక్సిల్ చల్లటి నీళ్లలో మునిగితే లోపలి గాలి ముడుచుకుని, ఆ గొట్టంలోంచి నీళ్లు పీల్చుకుంటుంది. గొట్టం ఇంజన్ గదిలోకి గానీ పైన ఛాసిస్ దాకా గానీ వెళ్లి ఉంటే నిశ్చింత. లేదంటే మనిషిని పెట్టి పొడిగించుకోవచ్చు, యాక్సిల్ విప్పక్కర్లేదు. వాగు దాటిన మొదటి రెండుసార్లూ ఇంటికి వచ్చాక యాక్సిల్ ఆయిల్ కొద్దిగా తీసి చూడండి. పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే నీళ్లు వెళ్లినట్టే, ఆ రోజే మార్పించండి.