రెండు వందల మంది వాడే యాప్‌కు మైక్రోసర్వీసులు కావాలా?

ప్రశ్న:
పరికరాలు అద్దెకు ఇచ్చే బుకింగ్ యాప్ ఒకటి మేమిద్దరం కలిసి తయారు చేశాం. సుమారు 200 మంది వాడుతున్నారు. దీన్ని ఇప్పుడే ఆరు మైక్రోసర్వీసులుగా (విడివిడిగా నడిచే చిన్న ప్రోగ్రాములుగా) విడగొట్టి, వాటిని ఎన్నో సర్వర్ల మీద నిర్వహించే కుబెర్నెటీస్ మీద నడిపి, మధ్యలో వాటి సందేశాలు చేరవేసే కాఫ్కా పెడదామని నా భాగస్వామి పట్టుబడుతున్నారు. రేపు లక్ష మంది వస్తే ఏమిటన్నది ఆయన భయం. బుకింగుల జాబితా పేజీ ఇప్పటికే నత్తనడక నడుస్తోంది కాబట్టి ఆయన మాట తోసిపుచ్చలేకపోతున్నాను. ఏం చేయమంటారు?

మొదటి జవాబు:
సోమలింగం సామెత ఎలాగూ ఎవరో ఒకరు ఎత్తుతారు, నేను లెక్క చెబుతాను. మనిషికి రోజుకు 50 అభ్యర్థనలు వేసుకున్నా మీకు వచ్చేవి 10,000. రోజుకు 86,400 సెకన్లు. అంటే మీ సర్వరు దాదాపు తొమ్మిది సెకన్లకు ఒకసారి పని చేసి, మిగతా సమయం ఊరికే కూర్చుంటోంది. లక్ష మందే వచ్చినా సెకనుకు సగటున 58. రద్దీ వేళ పది రెట్లయినా 600 దాటదు. ఇండెక్సులు (డేటాను త్వరగా వెతికిపెట్టే సూచికలు) సరిగా ఉంటే ఒక పోస్ట్‌గ్రెస్ డేటాబేసు మోయగల బరువే అది. చాలకపోతే అదే ప్రోగ్రామును మరో రెండు సర్వర్ల మీద నడపండి.

2012 ఏప్రిల్‌లో ఫేస్‌బుక్ కొంటున్నట్టు ప్రకటించేనాటికి ఇన్‌స్టాగ్రామ్ సిబ్బంది 13 మంది. వాళ్లు వాడింది జాంగో అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్, పోస్ట్‌గ్రెస్. డేటాబేసును వాళ్లూ ముక్కలు చేశారు, కానీ భారం మీద పడ్డాక.

పేజీ నెమ్మది వేరే జబ్బు. అది తెరిచినప్పుడు డేటాబేసుకు ఎన్ని క్వెరీలు (డేటా కోసం అడిగే ప్రశ్నలు) వెళ్తున్నాయో లాగులో, అంటే సర్వరు రాసుకునే చిట్టాలో చూడండి.

అడిగినవారు:
చూశాం. పేజీకి 50 బుకింగులు, వెళ్తున్నవి 51 క్వెరీలు! ప్రతి బుకింగుకూ పరికరం పేరు విడిగా తెస్తోంది. రెండు పట్టికల వివరాలనూ ఒకే క్వెరీలో కలిపి తెచ్చే జాయిన్ పెట్టగానే పేజీ చటుక్కున వస్తోంది. అయితే ముందుచూపు అసలు అక్కర్లేదంటారా?

రెండో జవాబు:
కావాలి, వేరే చోట. తొందరపాటు ఆప్టిమైజేషన్ (అవసరం రాకముందే ప్రోగ్రాముకు వేగం పెంచబోవడం) సకల అనర్థాలకూ మూలమన్న కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ నూత్ మాటను అందరూ వల్లిస్తారు. 1974 నాటి ఆ వ్యాసంలోనే, కీలకమైన మూడు శాతం చోట అవకాశం వదులుకోవద్దనీ ఆయన రాశారు. దాన్ని మాత్రం ఎవరూ ఎత్తరు.

మీ యాప్‌లో తర్వాత దిద్దుకోలేనిది డేటా. ఒకే పరికరాన్ని ఒకే తేదీకి ఇద్దరు ఒకే క్షణంలో నొక్కితే? ఖాళీ ఉందా అని ప్రోగ్రాము చూసే లోపల ఇద్దరికీ ఉన్నట్టే కనిపిస్తుంది, ఇద్దరి దగ్గరా డబ్బు తీసుకుంటుంది. పోస్ట్‌గ్రెస్‌లో ఎక్స్‌క్లూజన్ కన్‌స్ట్రెయింట్ పెడితే తేదీలు ఒకదానిమీద ఒకటి పడే రెండో బుకింగును డేటాబేసే తిరస్కరిస్తుంది. బుకింగునూ చెల్లింపు పద్దునూ ఒకే ట్రాన్సాక్షన్‌లో (పడితే రెండూ పడాలి, లేకుంటే రెండూ పడకూడదు) రాయండి. వేర్వేరు డేటాబేసులున్న రెండు సర్వీసులుగా చీల్చారా, ఈ సౌకర్యం పోయినట్టే. ఒకటి రాసి రెండోది రాయకపోతే వెనక్కి తిప్పే పని మీరే చూసుకోవాలి.

బ్యాకప్ తీయడంతో సరిపెట్టక, దాన్నుంచి ఒకసారి డేటాబేసు తిరిగి లేపి చూడండి.

అడిగినవారు:
కన్‌స్ట్రెయింట్ పెట్టబోతే పట్టికలో అప్పటికే మూడు జంట బుకింగులు ఉన్నాయని ఒప్పుకోలేదు! ముందు వాటిని సరిచేస్తున్నాం. కాఫ్కాను ఆయన పక్కన పెట్టారు. కుబెర్నెటీస్ మీద మాత్రం వాదన ఇంకా నడుస్తోంది.

మొదటి జవాబు:
సర్వరు ప్రాసెసర్ వాడకం గ్రాఫు ఆయనకు చూపించండి. అది సగానికి చేరిన రోజున మళ్లీ వాదించుకోవచ్చు.