ఒంటిస్తంభం మేడ: సరుకుల సరఫరాకు ఈ మాట అతుకుతుందా?

ప్రశ్న: ఒక సరుకు ప్రపంచం మొత్తానికీ ఒకే చోటి నుంచి వస్తుంటే ఉండే ముప్పు గురించి వ్యాసం రాస్తున్నాను. పత్రికల్లో ‘గుడ్లన్నీ ఒకే బుట్టలో’ అంటున్నారు. ‘ఒంటిస్తంభం మేడ’ అనొచ్చా?

జవాబు: భేషుగ్గా అనొచ్చండి. ఆదిపర్వంలో పరీక్షిత్తు తక్షకుడికి భయపడి ఒంటిస్తంభం మేడ కట్టించుకుని చుట్టూ కాపలా పెట్టుకున్నాడు. అయినా తక్షకుడు పండులో పురుగై పైకి చేరాడు. బుట్ట మాటలో అజాగ్రత్త ఒక్కటే కనిపిస్తుంది. మేడ మాటలో, అన్నీ చూసుకున్నవాడికి వచ్చిన ముప్పు ఉంది. ఫ్యాక్టరీలు ఒకచోట చేరేదీ తెలివితక్కువై కాదు. పనివాళ్లు, విడిభాగాలు, రేవు దగ్గర్లో ఉంటే ఖర్చు కలిసొస్తుంది.

కాకపోతే స్తంభాలు లెక్కపెట్టేటప్పుడు అమ్మే కంపెనీల దగ్గరే ఆగిపోకండి. మార్కెట్ ఎంత కొద్దిమంది చేతుల్లో ఉందో చెప్పే హెర్ఫిండాల్-హిర్ష్‌మన్ సూచీలో ఒక్కొక్కరి వాటా శాతాన్ని వర్గం చేసి కూడతారు. పది కంపెనీలకు తలా 10 శాతం ఉంటే 1,000 వస్తుంది, ఫర్వాలేదనిపిస్తుంది. ఆ పదీ ఒకే దేశంలో ఉంటే, దేశాలవారీగా అదే లెక్క 10,000. అంతకు మించిన అంకె ఆ సూచీలో లేదు. 2011లో థాయిలాండ్ వరదలప్పుడు, కంప్యూటర్ హార్డ్ డిస్కులు చేసే వెస్టర్న్ డిజిటల్ ఫ్యాక్టరీలు మునిగాయి. అవే చేసే సీగేట్ ఫ్యాక్టరీలు మునగలేదు, కానీ వాళ్లకు విడిభాగాలు పంపేవాళ్లు మునిగారు. హార్డ్ డిస్కుల ధరలు ప్రపంచమంతటా ఎగబాకాయి.

మనకు దగ్గర్లో కావాలంటే మందుల షాపులో అర చూడండి. అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ ఎన్ని కంపెనీల పేర్లతో ఉంటుందో! దానికి మూలమైన పెన్సిలిన్-జి మాత్రం ఏళ్ల తరబడి చైనా నుంచే తెచ్చుకున్నాం. అక్కడి చవక ధరకు తట్టుకోలేక ఇక్కడి తయారీ మూతపడింది. 2024లో కాకినాడ దగ్గర మళ్లీ మొదలైంది.

ప్రశ్న: అయితే ‘రెండో స్తంభం లేచింది’ అని రాసెయ్యనా?

జవాబు: రాయండి, చక్కగా ఉంది. దాంతోపాటు రెండు గడువులు కూడా చూడండి: ఉన్న నిల్వ ఎన్నాళ్లొస్తుంది, పడిన ఫ్యాక్టరీ లేవడానికి ఎన్నాళ్లు పడుతుంది. ఎం.ఐ.టి. ప్రొఫెసర్ డేవిడ్ సిమ్చీ-లెవీ బృందం ఫోర్డ్ కంపెనీ సరఫరాలను ఇలాగే కొలిచింది. రెండో గడువు మొదటిదాన్ని దాటిన సరుకు ఏదైనా సరే, ఒంటిస్తంభం మీదున్నట్టే రాయండి.