రాత్రి డ్యూటీ హౌస్ సర్జన్లకు అట్రోపిన్ మానిటరింగ్ ఎలా నేర్పాలి?

నమస్తే. వరంగల్‌లో ఒక ఆసుపత్రి మెడిసిన్ విభాగంలో సీనియర్ రెసిడెంట్‌ని. పత్తికి మందు కొట్టే సీజన్‌లో ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు నుంచి పురుగుమందు తాగిన కేసులు వరుసగా వస్తాయి. రాత్రి 8 నుంచి ఉదయం 8 దాకా నాతో ఉండేది ఇద్దరు హౌస్ సర్జన్లే (ఎంబీబీఎస్ ఇంటర్న్‌లు).

ఆర్గానోఫాస్ఫరస్ (ఒక రకం పురుగుమందు) కేసుకు విరుగుడుగా అట్రోపిన్ మొదలుపెట్టాక ప్రతి 5 నిమిషాలకు ఛాతీ విని, పల్స్, బీపీ, చంకల్లో చెమట, కంటిపాప చూసి, మెరుగు లేకపోతే డోసు రెట్టింపు చేయాలి. వాళ్లు పల్స్, కంటిపాప రాసి వదిలేస్తున్నారు, స్టెతస్కోప్ పెట్టడం లేదు. పల్స్ 120 ఉందని అట్రోపిన్ ఆపేస్తారు. నేను వెళ్లి వింటే ఊపిరితిత్తుల్లో గురగుర అలాగే ఉంటుంది, అంటే అట్రోపిన్ ఇంకా చాలలేదన్నమాట! ఎక్కువగా 2 నుంచి 4 గంటల మధ్యే ఇలా జరుగుతోంది. బద్ధకం కాదు, పిల్లలు నిజంగా అలసిపోతున్నారు.

శనివారం గంట క్లాసు పెట్టాను, నైట్ చేసి వచ్చినవాళ్లు కునికిపాట్లు పడ్డారు. గోడకు చార్టు అంటించాను, వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపాను, లాభం లేదు. 8 గంటల హ్యాండోవర్‌లో బెడ్ దగ్గరే 10 నిమిషాలు చూపిస్తే కొంత పనిచేసింది, కానీ మధ్యలో కొత్త కేసు వచ్చి సగంలోనే ఆగిపోతుంది. ఒకసారి కోప్పడ్డాను. ఆ తర్వాత అనుమానం వచ్చినా నన్ను పిలవడం మానేశారు, అది ఇంకా ప్రమాదం.

రద్దీ క్యాజువాల్టీలో పనిచేసే సీనియర్లు చెప్పండి: పేషెంట్ పక్కనే, 5 నిమిషాలకు మించకుండా, ఛాతీ వినడం అలవాటయ్యేలా మీరు ఎలా నేర్పుతున్నారు?