ఇంట గెలిచి రచ్చ గెలిచిన కోచ్ ఎవరు?

మా మేనల్లుడు ఒహాయోలో, కొలంబస్‌లో చదువుతున్నాడు. అక్కడ కాలేజీ ఫుట్‌బాల్ అంటే మనకి సంక్రాంతి పందేలు ఎలాగో అలాగట. (కాలితో తన్నుకుంటూ పోయేది కాదు. కోలగా ఉండే బంతిని చంకలో ఇరికించుకుని పరిగెత్తే ఆట.) అర్బన్ మేయర్ అనే కోచ్ మీద తెలుగులో నాలుగు ముక్కలు రాసుకుని, శీర్షిక చెప్పు మామయ్యా అన్నాడు. ఆ మేయర్ రెండు యూనివర్సిటీలకు జాతీయ టైటిల్ తెచ్చిపెట్టాడు: ఫ్లోరిడాకు 2006, 2008 సీజన్లలో, ఒహాయో స్టేట్‌కు 2014లో. ఆలోచించకుండా "ఇంట గెలిచి రచ్చ గెలిచాడు" అని పంపేశాను.

"తిరగబడింది మామయ్యా" అన్నాడు వాడు. మేయర్ పుట్టింది ఒహాయోలోనే, టొలీడోలో. పెరిగిందీ అదే రాష్ట్రంలో, ఆష్టబులాలో. అంటే ముందు రచ్చ గెలిచాడు, తర్వాత ఇంట గెలిచాడు. ఇప్పుడు నా సందేహాలు: సామెతని అలా తిప్పి రాస్తే చెల్లుతుందా? అసలు "రచ్చ గెలువు" అంటే రచ్చలో గెలవడమా, రచ్చనే గెలవడమా?

తెనాలి నుంచి ఒక మాస్టారు:
ముందు రెండో ప్రశ్న. "ఇంట" అంటే ఇంటిలో. కంట పడటం, నోట మాట రాకపోవడం, ఇవన్నీ ఆ బాపతే. రచ్చకి అలాంటి రూపం వాడుకలో లేదు, ఉన్నది ఉన్నట్టే నిలబడింది. మరో పక్క ఆట గెలిచాడు, పందెం గెలిచాడు, కేసు గెలిచాడు అంటాం. గెలుచుకున్న వస్తువుకి ప్రత్యయం అక్కర్లేదు. కాబట్టి వ్యాకరణం రెండర్థాలకీ తలుపు తెరిచే ఉంచింది. నా చెవికి మాత్రం "రచ్చలో" అన్నదే వినిపిస్తుంది. "లో" చేరిస్తే సామెత కుంటుతుందని వదిలేసి ఉంటారు.

ఇక రచ్చ. ఇది సంస్కృతంలో రథ్య. సంధ్య సంజ అయినట్టే రథ్య రచ్చ అయింది. రథ్య అంటే రథం తిరిగే వీధి. వీధి కాస్తా జనం కూడే చోటైంది, ఆ చోట తీర్పులు చెప్పేవారు కాబట్టి రచ్చబండ అయింది.

కరీంనగర్ నుంచి:
సార్, మా దిక్కు రచ్చ అంటే ఇప్పుడు లొల్లే. "ఏం రచ్చ చేస్తున్నవ్‌రా" అంటరు. మా పోరగాండ్లకు ఈ సామెత చెప్తే, ఇంట్ల గెలిచి బయటికొచ్చి లొల్లి పెట్టుమన్నట్టు సమజ్ చేసుకున్నరు. నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలె.

తెనాలి మాస్టారు:
వాళ్ళ తప్పేం లేదు నాయనా. నలుగురు చేరితే లొల్లి కాక ఏమవుతుంది!

డాలస్ నుంచి:
"ఇల్లు" ఏదో తేలకుండా వాదన తెగదండి. ఇక్కడివాళ్ళ లెక్కలో కోచ్‌కి ఇల్లంటే పుట్టిన ఊరు కాదు, తాను చదివి, ఆడిన యూనివర్సిటీ. బేర్ బ్రయంట్ అలబామాకి ఆడినవాడు. కెంటకీలో, టెక్సస్ ఏ అండ్ ఎమ్‌లో కోచ్‌గా చేసి, 1958లో అలబామాకి తిరిగొచ్చాడు. ఎందుకెళ్తున్నావంటే "అమ్మ పిలిచింది" అన్నాడు. ఆరు టైటిళ్ళూ అక్కడే. అచ్చంగా ఇంట గెలిచినవాడు, అంతే.

నిక్ సేబన్ దానికి ఉల్టా. పుట్టింది వెస్ట్ వర్జీనియాలో, ఆడింది కెంట్ స్టేట్‌కి. టైటిళ్ళు ఏడు: లూయిజియానా స్టేట్ యూనివర్సిటీకి (ఎల్ఎస్‌యూ) 2003లో ఒకటి, అలబామాకి ఆరు. రెండూ ఆయనకి రచ్చలే! పైగా 2012 జనవరిలో, న్యూ ఆర్లియన్స్‌లో, తన పాత ఎల్ఎస్‌యూనే 21-0తో ఓడించి టైటిల్ ఎత్తుకుపోయాడు. లూయిజియానా వాళ్ళు ఆ రాత్రి ఏమన్నారో తెలుగులో కూడా రాయలేను.

సామెతకి అక్షరాలా సరిపోయేవాడు ఒకడున్నాడు, హోవర్డ్ జోన్స్. యేల్ యూనివర్సిటీలో ఆడాడు, 1909లో అదే యేల్‌కి కోచ్. పది ఆటలు ఆడి పదీ గెలిచారు, ఎదుటివాళ్ళకి ఒక్క పాయింటు కూడా ఇవ్వలేదు. తర్వాత దేశం ఆ చివరికి, లాస్ ఏంజెలెస్‌కి వెళ్ళి అక్కడి యూఎస్‌సీ అనే యూనివర్సిటీకి 1928, 1931, 1932, 1939లో టైటిళ్ళు తెచ్చాడు. ఇంటా గెలిచాడు, రచ్చా గెలిచాడు, వరస కూడా తప్పలేదు.

మొదట అడిగిన నేనే:
అయితే మేయర్ సంగతి? ఆయన ఆడింది ఒహాయో స్టేట్‌కి కాదట, సిన్సినాటికి. మీ లెక్కన ఒహాయో స్టేట్ ఇల్లు కాదు. మావాడి లెక్కన రాష్ట్రమంతా ఇల్లే. ఊరి పొలిమేర దాటితే పరాయి అనుకునే మనకి, అంత రాష్ట్రాన్ని ఇల్లనడం కొంచెం ఎక్కువే అనిపిస్తుంది.

డాలస్ నుంచి:
పొలిమేర సంగతి వదిలేయండి, అమెరికా వచ్చాక మనకి ఆంధ్రా, తెలంగాణా మొత్తం ఇల్లే కదా! ఇంకో చిక్కు చెప్తాను. కాలేజీయే ఇల్లు, డబ్బిచ్చి ఆడించే ఎన్ఎఫ్ఎల్ రచ్చ అనుకుంటే ఇద్దరూ రచ్చలో తేలిపోయారు. సేబన్ మయామీలో రెండేళ్ళు చేసి 15 గెలిచి 17 ఓడాడు. మేయర్ జాక్సన్‌విల్‌లో 2 గెలిచి 11 ఓడాక, 2021 డిసెంబరులో, సీజన్ అవకముందే పంపేశారు.

తెనాలి మాస్టారు:
మీరు టైటిల్ టైటిల్ అంటున్నారు. ఇచ్చేదెవరు?

డాలస్ నుంచి:
అక్కడికే వస్తున్నా మాస్టారూ, మీ రచ్చబండ ఇక్కడుంది. పైస్థాయి కాలేజీ ఫుట్‌బాల్‌కి, కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ తనంతట తాను టైటిల్ ఇవ్వదు. చాలాకాలం పత్రికా విలేఖరులు ఒక పక్క, కోచ్‌లు ఒక పక్క ఓట్లేసి ఫలానా జట్టు గొప్పదని తేల్చేవారు. 1936 నుంచీ అసోసియేటెడ్ ప్రెస్ (ఏపీ) వార్తాసంస్థ పెట్టే విలేఖరుల ఓటింగ్ ఉంది. జోన్స్ 1909 టైటిలైతే తర్వాతి తరాల వాళ్ళు లెక్కలు చూసి ఇచ్చినది. 1998లో నంబర్ వన్, నంబర్ టూ జట్లకి ఆఖరి ఆట పెట్టే పద్ధతి వచ్చింది. అయినా 2003లో రెండు రచ్చబండలు రెండు తీర్పులు చెప్పాయి: ఆఖరి ఆటలో ఓక్లహోమాని 21-14తో గెలిచిన ఎల్ఎస్‌యూకి కోచ్‌లు ఓటేస్తే, విలేఖరులు యూఎస్‌సీ అన్నారు. ఒక్క ఏపీ లెక్కే తీసుకుంటే సేబన్ రెండు చోట్ల గెలిచినవాడు కాకుండా పోతాడు. మేయర్‌కి ఆ బెడద లేదు, మూడుసార్లూ ఏపీ ఓటు ఆయన జట్టుకే.

తెనాలి మాస్టారు:
భలే. అయితే వీళ్ళు రచ్చలో గెలవడమే కాదు, రచ్చనే గెలవాలి. నా మొదటి మాట వెనక్కి తీసుకుంటున్నా, ఈ ఆట వరకు.

ఇంకో తమాషా. కోచ్ అనే మాట హంగరీలో కోచ్ అనే ఊరిది. ఆ ఊళ్ళో చేసిన గుర్రబ్బండికి ఊరి పేరే వచ్చింది. మన రైలు కోచ్ కూడా అదే మాట. ఆక్స్‌ఫర్డ్ కుర్రాళ్ళు, పరీక్ష గట్టెక్కించే మాస్టారిని బండి అని వెక్కిరించి కోచ్ అన్నారు. తర్వాత ఆటలకి పాకింది. రచ్చ రథం తిరిగే వీధి, కోచ్ బండి. ఏ సంబంధమూ లేని రెండు మాటలు ఇలా ఒకే వీధిలో ఎదురుపడ్డాయి.

కరీంనగర్ నుంచి:
అన్నా, మరి మీ అల్లునికి ఏం శీర్షిక పంపినవ్?

మొదట అడిగిన నేనే:
"రచ్చ గెలిచి ఇల్లు చేరాడు" అని పంపాను. సామెత తిప్పలేదు, విరిచాను. వాడు దాని కింద "ఇక్కడ కూడా గెలిచాడు" అని చేర్చి పెట్టుకున్నాడు.